నాయనకు మూడేండ్లుగా ఎముకల నొప్పులు. అందరూ ఫ్లోరైడ్ అంటాండారు. ఇంకేమన్నా అయ్యుంటుందా?

కళ్యాణదుర్గం_బుడ్డోడు • జనవరి 11, రాత్రి 10:40

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. నేను బెంగళూరులో పని చేస్తా, అమ్మా నాయనా ఊర్లోనే. నాయనకు 47. శెనక్కాయ సేద్యం, రెండు ఎనుములు.

మూడేండ్ల కిందట మడమ నొప్పితో మొదలైంది. తర్వాత తుంట్లు, నడుము, పక్కటెముకలు. ఇప్పుడు కింద కూసుంటే గోడ పట్టుకోకుండా లేయలేడు. నడిస్తే బాతు మాదిరి అటూ ఇటూ ఊగుతాడు. మా వంటింటి వాకిలి తలకు తగుల్తాదని ముందు వంగి పోయేవాడు, ఇప్పుడు వంగే పనే లేదు, మనిషి అంత కుంగిపోయినాడు. దసరాకు గట్టిగా దగ్గినాడు, పక్కటెముక ఇరిగింది. దగ్గుకు ఎముక ఇరిగేదేంది?

ముగ్గురు ఎముకల డాక్టర్లకు చూపించినాం. ఒకాయన కీళ్లవాతం అన్నాడు, ఒకాయన నడుముకు ఎంఆర్ఐ తీయించి డిస్కు అన్నాడు. మూడో ఆయన "మీది యా ఊరు" అని అడిగి, ఊరి పేరు చెప్తానే "ఫ్లోరైడ్ అంతే, దీనికి మందు లేదు" అని చీటీ పక్కన పెట్టేసినాడు. విటమిన్ డి సూదులు ఆరు ఏయించినాం, చీమ కుట్టినంత మార్పు కూడా లేదు. నా అనుమానం ఒకటే. అదే బోరు నీళ్లు అమ్మ తాగింది, చిన్నాయన తాగినాడు, జేజి 80 ఏండ్ల దాకా తాగింది. నాయన ఒక్కడికే ఏంటికి?

పెన్నేటి_గట్టు • జనవరి 12, ఉదయం 6:15

నాయనా, నేను రిటైర్డ్ సైన్సు మాస్టర్ని. మన జిల్లాలో ఫ్లోరైడ్‌ను అంత తేలిగ్గా కొట్టిపారేయొద్దు. 1937లోనే అప్పటి మద్రాసు రాష్ట్రంలో నెల్లూరు జిల్లా పల్లెల్లో ఎముకల ఫ్లోరోసిస్ ఉందని షార్ట్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసినవాళ్లు రాసినారు. మనవైపు బోర్లు లోతుకు పోయేకొద్దీ ఇంకా ముదిరింది. 1995లో సత్యసాయి నీళ్ల పథకం మొదలయ్యేదాకా మన ఆడవాళ్లు ఏ నీళ్లు మోసినారో నాకు తెలుసు.

లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చు అని ప్రమాణం. ముందు మీ బోరు నీళ్లు సీసాలో పట్టి టెస్టుకు ఇవ్వు. ప్లాస్టిక్ సీసాలోనే పట్టాల, గాజుసీసా వద్దు. ఆ అంకె వచ్చినాక మాట్లాడదాం.

పుత్తూరు_కట్టు • జనవరి 12, ఉదయం 9:02

తమ్ముడూ, ఒక్కసారి పుత్తూరు పోయి కట్టు కట్టించుకొని రండి. మా బావమరిది చెయ్యి ఇరిగితే ఇరవై దినాల్లో మోట తోలినాడు.

కళ్యాణదుర్గం_బుడ్డోడు • జనవరి 12, ఉదయం 9:30

పక్కటెముకకు యాడ కడతారు మామా? అయినా ఈ కాలంలో మోట యాడుంది నీకు 😄

రాత్రి_డ్యూటీ_కర్నూలు • జనవరి 13, రాత్రి 2:20

నేను కర్నూలులో జనరల్ మెడిసిన్ డాక్టర్ని. మనిషిని చూడకుండా రోగం పేరు పెట్టను. ఇక్కడ రాసేది మీ డాక్టరును ఏం అడగాలో తెలియడానికి మాత్రమే.

మాస్టారూ, మీరు చెప్పిన చరిత్ర నిజమే. కానీ ఫ్లోరోసిస్‌లో ఎముక సాధారణంగా చిక్కబడుతుంది. ఎక్స్‌రేలో సున్నం కొట్టినట్టు తెల్లగా కనబడుతుంది, ముంజేతిలో రెండెముకల మధ్య పొర కూడా గట్టిపడి ముళ్లు ముళ్లుగా తేలుతుంది. మెడ, నడుము బిగుసుకుపోయి మనిషి కొయ్యలాగా అవుతాడు. బుడ్డోడు చెప్పేది వేరేగా ఉంది. దగ్గుకు ఎముక విరగడం, బాతు నడక, కూర్చుంటే లేవలేకపోవడం, ఎత్తు తగ్గడం. ఇది మెత్తబడిన ఎముక లక్షణం, ఆస్టియోమలేసియా అంటాం. చిన్నపిల్లలకు రికెట్స్ వచ్చినట్టు పెద్దవాళ్లకు ఇది.

మూడు సంగతులు చెప్పు తమ్ముడూ. పళ్ల మీద ఫ్లోరైడ్ మరకలు, అంటే పసుపు, గోధుమ గీతలున్నాయా? ఆ ఊర్లోనే పుట్టి పెరిగినాడా? రక్తంలో ఫాస్ఫరస్ ఎంత?

కళ్యాణదుర్గం_బుడ్డోడు • జనవరి 13, రాత్రి 9:15

అన్నా, పుట్టి పెరిగింది అంతా ఊర్లోనే. పండ్లు తెల్లగా ఉండాయి, ఇప్పటికీ చెరుకు కొరుకుతాడు. ఫైలంతా తిరగేసినా. యూరిక్ యాసిడ్, ఆర్ఏ ఫ్యాక్టర్, హెచ్ఎల్ఏ బీ27, సీఆర్‌పీ, థైరాయిడ్ అన్నీ ఉండాయి. ఫుల్ బాడీ ప్యాకేజీ అని పన్నెండు పేజీలది కూడా ఉండాది. ఫాస్ఫరస్ అనే మాటే యాడా లేదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అని ఉండాది, అదేనా?

ల్యాబ్_కడప • జనవరి 13, రాత్రి 9:48

అది కాదబ్బీ. అది ఎంజైము, పేరు మాత్రమే దగ్గర. నేను కడపలో ల్యాబ్ టెక్నీషియన్‌ను, పదహారేండ్ల సర్వీసు. నువ్వు అడగవలసింది "సీరం ఫాస్ఫరస్". కొన్ని చీటీల్లో ఇనార్గానిక్ ఫాస్ఫేట్ అని రాస్తారు. వేలకు వేలు పోసిన ప్యాకేజీలో లేని ఈ టెస్టు విడిగా చేయిస్తే ఖరీదు ఓ పూట టిఫిను లెక్క. డాక్టరు రాయడు, మేం చేయం, అంతే కథ.

పొద్దున పరగడుపునే రక్తం ఇవ్వల్ల. తీసినాక నమూనాను గంటలకొద్దీ బల్ల మీద పెడితే, లేదా రక్తకణాలు చితికితే, లోపలి ఫాస్ఫరస్ బయటికొచ్చి అంకె ఎక్కువ చూపిస్తాది. తక్కువున్నోడికి నార్మల్ అని వచ్చేస్తాది. అందుకని ల్యాబులోనే తీయించు, ఇంటికి పిలిపించొద్దు. పనిలో పని కాల్షియం, క్రియాటినిన్, పీటీహెచ్, విటమిన్ డి కూడా. ఆ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంత ఉండాదో చెప్పలేదు నువ్వు.

కళ్యాణదుర్గం_బుడ్డోడు • జనవరి 13, రాత్రి 9:55

412 అన్నా. ఎక్కువ అని పక్కన నక్షత్రం గుర్తు ఉండాది.

తాడిపత్రి_అక్క • జనవరి 14, మధ్యాహ్నం 3:10

నక్షత్రం గుర్తు అంటే నాకు ఒళ్లు మండుతుంది. నా కథ చెప్తా విను తమ్ముడూ. నాకు ఐదేండ్లలో మూడుసార్లు కిడ్నీలో రాళ్లు. మూడుసార్లూ పగలగొట్టినారు, పంపించినారు. నీళ్లు తాగమ్మా, టమోటా మానమ్మా అనడమే. నాలుగోసారి ఒక చిన్న డాక్టరమ్మ పాత రిపోర్టులు వరసగా పేర్చి చూసింది. మొదటి రిపోర్టు నుంచీ కాల్షియం 11.6, 11.8, 11.9. ప్రతిదాని పక్కనా హెచ్ అని అక్షరం, అంటే హై, ఎక్కువని. ఐదేండ్లు ఆ అక్షరాన్ని ఎవ్వరూ చదవలేదు, నేనూ చదవలేదు.

గొంతులో థైరాయిడ్ వెనక పారాథైరాయిడ్ గ్రంథులని నాలుగు ఉంటాయంట, బియ్యపు గింజకన్న కొంచెం పెద్దవి. అందులో ఒకటి పెరిగి పీటీహెచ్ అనే హార్మోను కుమ్మరిస్తాంటే ఎముకల్లో కాల్షియం కరిగి రక్తంలోకి, అక్కడినుంచి కిడ్నీలోకి. స్కాన్‌లో ఎడమ పక్క కింది గ్రంథి తేలింది. ఆపరేషన్ చేసి ఆ ఒక్కటి తీసినారు, మూడో రోజు ఇల్లు. ఏడేండ్లయింది, రాయి లేదు, ఏమీ లేదు. టమోటా పప్పు రోజూ తింటా.

మీ నాయనకు కాల్షియం ఎంతో కూడా చూడు.

కళ్యాణదుర్గం_బుడ్డోడు • జనవరి 20, మధ్యాహ్నం 1:05

రిపోర్టు వచ్చింది. కాల్షియం 9.1. ఫాస్ఫరస్ 1.3. క్రియాటినిన్ 0.8. పీటీహెచ్ 58. విటమిన్ డి 34.

రాత్రి_డ్యూటీ_కర్నూలు • జనవరి 20, మధ్యాహ్నం 1:40

1.3. పెద్దవాళ్లకు సుమారు 2.5 నుంచి 4.5 దాకా ఉండాలి. ఇంకోసారి చేయించి నిర్ధారించుకోవాలి, కానీ ఇది వదలాల్సిన అంకె కాదు. కాల్షియం, విటమిన్ డి బాగున్నాయి కాబట్టి తాడిపత్రి అక్కగారి జబ్బు కాదు, మామూలు విటమిన్ డి లోపమూ కాదు. సూదులు పని చేయకపోవడానికి కారణం ఇదే.

ఎముక గట్టిపడాలంటే కాల్షియం, ఫాస్ఫరస్ రెండూ కావాలి. ఇసుక ఉండి సిమెంటు లేకపోతే గోడ లేవదు కదా. ఇప్పుడు ప్రశ్న, ఫాస్ఫరస్ ఎక్కడికి పోతోంది?

వేరుశనగ_చిక్కీ • జనవరి 20, మధ్యాహ్నం 2:15

పాలు, గుడ్లు, మాంసం బాగా పెట్టండి బ్రో. ఫాస్ఫరస్ అదే పెరుగుతుంది.

రాత్రి_డ్యూటీ_కర్నూలు • జనవరి 20, సాయంత్రం 6:30

ఇంట్లో రెండు గేదెలున్న రైతుకు పాలు తక్కువై ఇది రాదండీ. ఓటికుండలో ఎన్ని నీళ్లు పోస్తే ఏం లాభం? ముందు కుండకు చిల్లి ఉందా చూడాలి. రక్తంలో ఫాస్ఫరస్ తక్కువున్నప్పుడు మంచి కిడ్నీ చుక్క కూడా వదలకుండా వెనక్కి పట్టుకుంటుంది. వడకట్టినదాంట్లో నూటికి 85 పైన తిరిగి రక్తంలోకి రావాలి. ఒకేసారి రక్తం, మూత్రం ఇచ్చి రెండింట్లోనూ ఫాస్ఫరస్, క్రియాటినిన్ చూస్తే ఈ లెక్క తేలుతుంది. మూత్రంలో చక్కెర, ప్రొటీను కూడా చూడాలి, కిడ్నీ గొట్టాలు మొత్తంగా దెబ్బతిన్నాయా అని.

ఇంకో రెండు అడగాలి. హెపటైటిస్ బీ కోసం టెనోఫోవిర్, అడెఫోవిర్ లాంటి మాత్రలు ఏమన్నా వాడినాడా? రక్తం తక్కువని ఐరన్ నరానికి ఎక్కించినారా? కొన్ని రకాల ఐరన్ సూదుల వల్ల కూడా ఫాస్ఫరస్ బాగా పడిపోతుంది.

కళ్యాణదుర్గం_బుడ్డోడు • జనవరి 27, రాత్రి 8:20

మాత్రలూ లేవు, ఐరనూ లేదు. మూత్రంలో చక్కెర లేదు, ప్రొటీను లేదు. ల్యాబ్ అన్న లెక్క కట్టి చెప్పినాడు, నూటికి 85 పైన రావాల్సింది 62 వచ్చింది, అంటే కిడ్నీ నుంచే ఫాస్ఫరస్ కారిపోతాంది. రెండోసారి రక్తంలో ఫాస్ఫరస్ 1.2.

అన్నా, నెట్‌లో చూస్తే ఇది పుట్టుకతో వచ్చే జబ్బు అని ఉండాది. నాకూ వస్తాదా?

రాత్రి_డ్యూటీ_కర్నూలు • జనవరి 28, రాత్రి 1:10

వంశపారంపర్యంగా వచ్చే రకం ఉంది, ఎక్స్ఎల్‌హెచ్ అంటారు. అది చిన్నప్పుడే కనబడుతుంది, కాళ్లు వంకర, పొట్టితనం, పళ్లకు చీము గడ్డలు. మీ నాయన 44 ఏండ్ల దాకా బస్తాలు మోసిన మనిషి. కొత్తగా మొదలైంది కాబట్టి నా మనసులో ఉన్నది ఇంకోటి, చాలా అరుదైనది. పేరు ట్యూమర్ ఇండ్యూస్డ్ ఆస్టియోమలేసియా. శరీరంలో ఎక్కడో ఒకచోట చిన్న కణితి, చాలాసార్లు చింతగింజంత. దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాదు. ఆ కణితి ఎఫ్‌జీఎఫ్ 23 అనే హార్మోను వదులుతుంది. అది కిడ్నీకి "ఫాస్ఫరస్ పారబోయి" అని హుకుం ఇస్తుంది, విటమిన్ డి చురుకైన రూపంలోకి మారకుండా కూడా ఆపుతుంది. కణితి ఒకచోట, నొప్పి ఒళ్లంతా. అందుకే దొరకదు.

1947లో ఇంగ్లండులో మెకాన్స్ అనే ఆయన తొడ ఎముకలోని గడ్డ తీసినాక ఎముకలు బాగుపడిన ఒక అమ్మాయి గురించి రాసినాడు, కానీ గడ్డే కారణమని ఆయనకు తట్టలేదు. 1959లో స్విట్జర్లాండులో ప్రాడర్ ఆ ముడి విప్పినాడు, ఆయన చూసిన పాపకు కణితి పక్కటెముకలో ఉంది. ఆ హార్మోను ఏదో 2001లో తేల్చింది ఎవరో తెలుసా? జపాన్ బీరు కంపెనీ కిరిన్ వాళ్ల మందుల ల్యాబు.

పుత్తూరు_కట్టు • జనవరి 28, ఉదయం 7:45

బీరు మీద నాకు ముందునుంచీ గౌరవమే.

పెన్నేటి_గట్టు • జనవరి 28, ఉదయం 8:30

డాక్టరు గారూ, నేను ఒక మాట వెనక్కి తీసుకుంటున్నాను, ఒక మాట తీసుకోను. బుడ్డోడి నాయనకు ఫ్లోరైడ్ కాకపోవచ్చు. కానీ ఇది చదివి రేపు ప్రతి ఫ్లోరోసిస్ మనిషీ "నాకూ కణితి ఉంది" అని వేలకు వేలు తగలేసి స్కాన్లు తీయించుకోకూడదు కదా?

రాత్రి_డ్యూటీ_కర్నూలు • జనవరి 28, ఉదయం 8:52

నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటా మాస్టారూ. అందుకే స్కాన్ ముందు కాదు, ఫాస్ఫరస్ ముందు. అది నార్మల్ ఉంటే ఈ దారిలోకి రావాల్సిన పనే లేదు.

తమ్ముడూ, ఇప్పుడు ఎముకల డాక్టరు కాదు, ఎండోక్రైనాలజీకి, అంటే హార్మోన్ల డాక్టరు దగ్గరికి పోవాలి.

కళ్యాణదుర్గం_బుడ్డోడు • జనవరి 28, రాత్రి 10:00

ఎముకల నొప్పికి షుగరు డాక్టరు దగ్గరికా అని నాయన నవ్వుతాండాడు. చాన్నాళ్లకు నవ్వినాడు లే. రాయవేలూరు పోదామనుకుంటాండాం.

తాడిపత్రి_అక్క • జనవరి 29, ఉదయం 11:20

పాత ఎక్స్‌రే ఫిల్ములన్నీ తీసుకొనిపో, ఫోన్లో ఫొటోలు కాదు. అక్కడ రోజులు పడుతుంది, వంట చేసుకునే రూము తీసుకో. మీ నాయనకు సంగటి లేకుండా ఎన్ని రోజులు జరుగుతుంది? పిండి మూటగట్టుకో.

కళ్యాణదుర్గం_బుడ్డోడు • ఫిబ్రవరి 25, రాత్రి 9:40

కదిరి, మదనపల్లె, చిత్తూరు మీదుగా కారులో పోయినాం. స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడల్లా నాయన పైన కమ్మీ పట్టుకొని పండ్లు కొరికినాడు, నేను డ్రైవరును తిట్టినా, పాపం వాని తప్పేం లేదు.

రక్తంలో ఎఫ్‌జీఎఫ్ 23 ఎక్కువ వచ్చింది. తుంటి ఎక్స్‌రే చూసి, తొడ ఎముక మెడ దగ్గర అడ్డంగా సన్నగీత మాదిరి ఉండాది, లూజర్స్ జోన్ అంటారు, మెత్తబడిన ఎముకకు గుర్తు అని చెప్పినారు. ఆ ఫిల్ము రెండేండ్ల కిందటిది! మా ఫైల్లోనే ఉండాది!

తర్వాత గాలియం పెట్ స్కాన్. ఇరవై వేలు దాటింది, కార్డు పని చేయలేదు, నగదే. అమ్మ కమ్మలు కుదువ పెట్టినాం. నెత్తి నుంచి అరికాలి వేళ్ల దాకా తీసినారు. పక్కటెముకల దగ్గర వెలుగు కనపడింది, నా గుండె ఆగినంత పని అయ్యింది. అవి ఇరిగిన చోట్లు, అక్కడ కూడా కొంచెం వెలుగుతాది అని చెప్పినారు. అసలుది యాడుందో తెలుసా?

ఎడమ అరికాల్లో. బొటనవేలి కింద మెత్తటి చోట.

నాయన అప్పుడు చెప్పినాడు, "ఓ అదా, అది ఆనెకాయ కదా, ఐదారేండ్లుగా ఉండాది, బ్లేడుతో చెక్కుతాంటా" అని. మూడేండ్లు ఎంతమందికి చూపించినామో, ఒక్కరూ చెప్పులిప్పించి అరికాలు చూడలేదు. నేనూ చూడలేదు.

రాత్రి_డ్యూటీ_కర్నూలు • ఫిబ్రవరి 25, రాత్రి 11:55

నేను కూడా అడగలేదు తమ్ముడూ. ఒళ్లంతా తడిమి గడ్డలేమన్నా ఉన్నాయా చూడమని చెప్పి ఉండాల్సింది. పాదాలు, కాళ్లు, ముక్కు పక్క గదులు, దవడ, ఇవి ఈ కణితి ఇష్టపడే చోట్లు.

చదివేవాళ్ల కోసం ఒక మాట. మామూలు పెట్ స్కాన్ చాలాసార్లు తల కింది భాగం నుంచి తొడ సగం దాకానే తీస్తారు. అట్లా తీసి ఉంటే ఈ పాదం మిస్సయ్యేది. ఈ కణితుల మీద సొమాటోస్టాటిన్ రిసెప్టార్లు, అంటే ఆ పేరున్న హార్మోను అంటుకునే చోట్లు ఉంటాయి, గాలియం 68 తగిలించిన మందు పోయి వాటికి అంటుకుంటుంది. గాలియం 68 సగానికి తగ్గిపోవడానికి 68 నిమిషాలే పడుతుంది, దూరం నుంచి తెచ్చుకొని నిల్వ పెట్టుకునే సరుకు కాదు. అందుకే అన్ని ఊర్లలో దొరకదు.

వేరుశనగ_చిక్కీ • ఫిబ్రవరి 26, ఉదయం 10:10

ఆపరేషన్ లేకుండా మందులతో పోదా?

రాత్రి_డ్యూటీ_కర్నూలు • ఫిబ్రవరి 26, మధ్యాహ్నం 2:00

ఫాస్ఫేటు, కాల్సిట్రయాల్ (విటమిన్ డి చురుకైన రూపం) ఇస్తే నొప్పి తగ్గుతుంది, కానీ రోజుకు నాలుగైదు సార్లు తాగాలి, విరేచనాలు పట్టుకుంటాయి, ఏండ్ల తరబడి వాడితే కిడ్నీలో సున్నం పేరుకోవచ్చు. బురోసుమాబ్ అనే సూది మందు ఉంది, ఎఫ్‌జీఎఫ్ 23 ను పట్టి ఆపుతుంది. అమెరికాలో 2018లో ఎక్స్ఎల్‌హెచ్‌కు, 2020లో ఈ జబ్బుకు అనుమతించినారు. ఖరీదు మాట అడగొద్దు. కణితి దొరకనివాళ్లకు, తీయడానికి వీల్లేని చోట ఉన్నవాళ్లకు అది. చేతికి అందే చోట ఉంటే కోసి తీసేయడమే మందు.

కళ్యాణదుర్గం_బుడ్డోడు • మార్చి 14, సాయంత్రం 5:30

ఆపరేషన్ అయిపోయింది. నడుముకు సూది ఇచ్చి కాళ్లు మొద్దుబార్చినారు, నాయన మెలకువగానే ఉన్నాడు. బరువు మోపే చోట కోత పడితే జీవితాంతం మచ్చ నొప్పి పెడతాదని పాదం లోపలి అంచు నుంచి కోసినారు. గింజ ఒక్కటే ఒలిచి తీస్తే మిగిలినదాంట్లోంచి మళ్లీ పుడతాదంట, అందుకని చుట్టూ మంచి కండ కూడా కొంచెం కలిపి తీసినారు. బయాప్సీలో ఫాస్ఫాటూరిక్ మెసెంకైమల్ ట్యూమర్ అని వచ్చింది, ఫాస్ఫరస్ పారబోయించే ఈ కణితికి అదే పేరంట, క్యాన్సర్ కాదు.

అంకెలు. ముందు రోజు 1.3. మరుసటి రోజు 1.6. నాలుగో రోజు 2.7. ఏడో రోజు 3.2. మందు లేకుండా!

ల్యాబ్_కడప • మార్చి 14, సాయంత్రం 5:41

3.2! అబ్బీ, పదహారేండ్లలో ఇంత సంతోషంగా ఒక నార్మల్ రిపోర్టు నేను చదవలేదు.

పెన్నేటి_గట్టు • మార్చి 15, ఉదయం 6:05

మీ బోరు నీళ్లు టెస్టు చేయించినావా లేదా?

కళ్యాణదుర్గం_బుడ్డోడు • మార్చి 15, ఉదయం 8:00

చేయించినా సారూ, 2.4 వచ్చింది. తాగేదానికి ఆపేసినాం. మీరు చెప్పింది కూడా నిజమే.

కళ్యాణదుర్గం_బుడ్డోడు • జూన్ 9, రాత్రి 9:00

మూడు నెలలు. నొప్పి మూడో వారం నుంచే తగ్గడం మొదలైంది. ఎముకలు పూర్తిగా గట్టిపడను ఏడాది పడుతుంది, అంతవరకూ బస్తాలు ఎత్తొద్దన్నారు. నిన్న ఏరువాక పున్నానికని పందిరి గుంజ పట్టుకోకుండా కింద కూసొని లేసినాడు. అమ్మ చూసి ఏమీ అనలేదు, లోపలికి పోయింది. కుంగిన ఎత్తు మాత్రం తిరిగి రాదంట. ఆర్నెల్లకొకసారి ఫాస్ఫరస్ చూపిచ్చుకోవల్ల, మళ్లీ పడిపోతే కణితి మళ్లీ వచ్చినట్టు లెక్క.

ఆదోని_పత్తి • జూలై 2, రాత్రి 7:25

ఈ చర్చ మొత్తం చదివి మా అన్నకు ఫాస్ఫరస్ చేయించినా. వయసు 52, ఎనిమిదేండ్లుగా నడుము, మెడ నొప్పులు, మెడ తిరగదు. 3.6 వచ్చింది. ఇప్పుడేం చేయాల? పెట్ స్కాన్‌కు డబ్బులు జమ చేస్తున్నాం.

రాత్రి_డ్యూటీ_కర్నూలు • జూలై 2, రాత్రి 11:30

ఆ డబ్బులు దాచుకోండి. 3.6 నార్మల్, ఇది ఆ జబ్బు కాదు. పళ్లు చూడండి, ముంజేతికి ఒక ఎక్స్‌రే తీయించండి, మీ నీళ్లు టెస్టు చేయించండి. మెడ నరాలు నలుగుతున్నాయేమో కూడా చూడాలి, చేతుల్లో తిమ్మిరి, నడకలో తూలు ఉంటే ఆలస్యం చేయొద్దు, న్యూరోకు చూపించండి.

ఆదోని_పత్తి • జూలై 11, రాత్రి 8:10

ముంజేతి ఎక్స్‌రేలో ఎముకల మధ్య ముళ్లు ముళ్లుగా ఉంది సార్. ఫ్లోరైడే అన్నారు.

పెన్నేటి_గట్టు • జూలై 12, ఉదయం 5:50

ఆదోని తమ్ముడూ, నీళ్ల అంకె ఎంతో రాయి. ఏ ఊరో నాకు విడిగా మెసేజ్ పెట్టు.

కళ్యాణదుర్గం_బుడ్డోడు • జూలై 12, రాత్రి 9:20

డాక్టరన్నా, ఒక చిన్న సంగతి. ఆపరేషన్‌కు ముందు వాడిన ఫాస్ఫేట్ పొట్లాలు పద్నాలుగు మిగిలినాయి. పక్కింటి పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు, నాయనకు నయమైంది దీంతోనే అనుకొని రోజూ అడుగుతాంది. ఇయ్యొచ్చా?

రాత్రి_డ్యూటీ_కర్నూలు • జూలై 12, రాత్రి 9:22

వద్దు!! పారేయ్.